మంగళవారం లెక్క

రవళి పుస్తకంలో ఆ అంకె రాసేసరికి వసారాలో కూర్చున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

నాలుగు వందల పన్నెండు.

మామిడి తోటలో వేలాడదీసిన ఆరు డబ్బాల్లోనూ కలిపి అన్ని పండు ఈగలు చచ్చి పడి ఉన్నాయి. కిందటి వారం ఇదే తోటలో, ఇవే డబ్బాల్లో పదకొండు. అంతకు ముందు వారం తొమ్మిది.

బ్రహ్మానందం కళ్ళజోడు సరిచేసుకుని, పుస్తకం లాక్కున్నంత పని చేశాడు. కాగితాలు వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు.

"పదకొండెక్కడ, నాలుగొందలెక్కడ?" అన్నాడు. "నీకు లెక్కన్నా రాకపోవాలి, మా మీద కోపమన్నా పోకపోవాలి. ఏదో నువ్వే చెప్పు."

"రెండుసార్లు ఎంచిన మామా," అంది రవళి. "డబ్బాకొక సీసా చొప్పున పోసి గోడ మీద పెట్టిన. మీరు గూడ ఎంచుర్రి."

ఆయన ఎంచలేదు. ఆ సీసాల వైపు చూడను కూడా లేదు. కనకరత్నం మాత్రం చేటలో బియ్యం కింద పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి, ఒక సీసా వెలుతురుకు పట్టి చూసింది. గోధుమరంగు ఒళ్ళు, పసుపు మచ్చలు, గాజు పొర లాంటి రెక్కలు. ఆమె సీసాను ఉన్నచోటే పెట్టి, కోడలి మొహం వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చుంది.

పదకొండు నెలల క్రితం రవళి ఈ ఇంటి నుంచి వెళ్ళిపోయినప్పుడు కూడా ఆమె ఏమీ అనలేదు.

అప్పుడూ ఈ ఈగ గొడవే. పోయిన వేసవిలో కాయలు కొనడానికి వచ్చిన వ్యాపారి తోటంతా తిరిగి, బ్రహ్మానందం మాట నమ్మి, వెళ్ళబోతూ రవళిని చూసి ఊరికే అడిగాడు, పురుగేమైనా ఉందా అమ్మా అని. కింది వరసల్లో ఉంది, కోసి చూసుకోండి అని రవళి చెప్పింది. అతను కోసి చూశాడు. కాయలు దింపించకుండానే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బ్రహ్మానందం అందరూ వినేలా, ఈ ఇంట్లో పుట్టిన పిల్లయితే ఆ మాట అనేది కాదన్నాడు.

రవళి అప్పుడు భర్త వైపు చూసింది. రాజాబాబు ఖాళీ ట్రేల వైపు చూస్తున్నాడు.

ఒక్క మాట కోసం ఆమె అన్నం వండేదాకా ఆగింది, వడ్డించేదాకా ఆగింది, తెల్లారేదాకా ఆగింది. పొద్దున్నే ఆటో ఎక్కి బాన్సువాడలో బీడీలు చుట్టే తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను పొమ్మన్నవాళ్ళు లేరు. తర్వాత రమ్మన్నవాళ్ళూ లేరు.

ఇప్పుడు ఆమె ఈ ఇంటికి వచ్చేది లెక్క కోసం. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఈ క్యాంపులోని పన్నెండు తోటల వాళ్ళు సంఘంగా ఏర్పడి ఈ ఏడు కాయను దేశం దాటించే వ్యాపారితో మాట కుదుర్చుకున్నారు. అతను పెట్టిన షరతు ఒకటే. ప్రతి తోటలో ఎర డబ్బాలు కట్టాలి, వారం వారం ఈగల లెక్క చూపించాలి. ఆ పసుపుపచ్చ డబ్బాల్లో వాసన మందు పట్టించిన చెక్క ముక్క ఉంటుంది. లవంగం లాంటి ఆ వాసనకు మగ ఈగలు లోపలికి వెళ్ళి చస్తాయి. నాలుగైదు డబ్బాలు కడితే తోట బాగుపడిపోదు. తోటలో ఈగ ఎంత ఉందో, కాయ చెడకముందే తెలుస్తుంది, అంతే. లెక్క హద్దు దాటితే ఆ తోట కాయను ఆపేస్తారు. రాలిన పండ్లు ఏరి పూడ్చి, మందు కొట్టి, మళ్ళీ లెక్క తగ్గితేనే తీసుకుంటారు.

శిక్షణకు వెళ్ళి ఆ పని నేర్చుకున్న ఆడవాళ్ళలో రవళి ఒకతె. ఎవరెవరికి ఏయే తోటలో పంచేటప్పుడు ఆమె వంతుకు వచ్చిన నాలుగు తోటల్లో ఇదీ ఉంది. వద్దంటే మార్చేవాళ్ళు. ఆమె వద్దనలేదు. బస్సు దారిలోనే ఉంటుంది కదా అని తల్లితో చెప్పింది.

ప్రతి బుధవారం కాలువ వంతెన దగ్గర దిగి నడిచి వచ్చేది. రాజాబాబు తోటకు అవతలి చివర ఏదో పని పెట్టుకునేవాడు. ఇద్దరి మధ్యా నలభై చెట్లుండేవి. మోటారు షెడ్డుకు దగ్గరగా ఉన్న ఆరో డబ్బా దగ్గర మాత్రం రవళికి ఎందుకో ఎక్కువసేపు పట్టేది.

ఈ వారం బుధవారం తల్లిని కంటి దవాఖానకు తీసుకెళ్ళాలి. అందుకని ఒకరోజు ముందే వచ్చింది.

"ఈరోజు మంగళవారం కదా."

వసారా మెట్ల కింద, మందు కొట్టే పంపు నాజిల్ విప్పుతూ ఉన్న రాజాబాబు అన్నాడు. పదకొండు నెలల్లో అతను ఆమెతో అన్న మొదటి మాట అది. తనలో తాను అనుకున్నట్టుగా, నెమ్మదిగా అన్నాడు.

రవళి ముందు ఆ గొంతుకు అటు తిరిగింది, తర్వాత ఆ మాట దగ్గర ఆగింది.

మంగళవారమైతే ఏంది?

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి ఒక సీసాను కొద్దిగా వంచింది. అడుగున ఉన్నవి ఎండి పొడి పొడిగా విరిగిపోతున్నాయి. మధ్యలోవి రెక్కలు ఊడి ఉన్నాయి. పైవాటిలో ఇంకా తడి ఉంది.

"ఇవి ఒక్కరోజుల పడ్డవి గావు," అంది. "పోయిన బుధవారం నుంచి రోజిన్ని పడుకుంట వచ్చినయి. అంటే ఆ ముందు వారం గూడ గిట్లనే పడి ఉంటయి. నేను వచ్చేటప్పటికి లెవ్వు. ఎవరో తీసిన్రు."

బ్రహ్మానందం మొహం కందిపోయింది. ఈ వయసులో తన మీద దొంగతనం కడుతున్నావా అని అడిగాడు. తాను ఆ డబ్బాలను ముట్టుకోను కూడా లేదని, కావాలంటే ఏ గుళ్ళోనైనా చెబుతానని అన్నాడు. ఎవరి పేరూ తాను అనలేదని రవళి చెప్పింది. మీ వైపు వాళ్ళకు మాటలనడం రాకపోతే కదా అని ఆయన మొదలుపెట్టాడు.

"నేనే తీశాను నాన్నా."

పంపు నాజిల్ చేతిలో పట్టుకునే రాజాబాబు లేచి నిలబడ్డాడు.

బ్రహ్మానందం కొడుకును ఎగాదిగా చూశాడు. కోపం వస్తుందేమోనని రవళి అనుకుంది. రాలేదు. ఆయన మెల్లగా కుర్చీలో కూర్చుని, పుస్తకాన్ని ఆమె వైపు చాపాడు.

"విన్నావుగా. తప్పో ఒప్పో, వాడు ఇంటి కోసం చేశాడు. ఇంటి మనిషంటే అదీ."

రాజాబాబు నోరు తెరవబోయి ఆగిపోయాడు. నేల చూశాడు. ఆ చూపు రవళికి బాగా తెలుసు.

కనకరత్నం మాత్రం కొడుకు మొహం మీంచి చూపు తిప్పలేదు.

రవళి పుస్తకం సంచిలో పెట్టుకుంది. లెక్క ఇంకా ఫోన్‌లో సంఘం గ్రూపుకు పంపలేదని, రాలిన కాయ చూసి వచ్చి పంపుతానని మామకు చెప్పి తోటలోకి నడిచింది.

* * *

కింది వరసల్లో ఎండాకుల మీద కాయలు రాలి ఉన్నాయి. బయటికి బాగానే ఉన్నట్టుంటాయి. దగ్గరికి తీసుకుంటే తొక్క మీద సూది గుచ్చినట్టు చిన్న మచ్చ, దాని చుట్టూ మెత్తదనం. రవళి ఒక కాయ చీల్చింది. తెల్లటి పురుగులు వంగి ఎగిరి ఆమె మణికట్టు మీద పడ్డాయి. దులిపేసుకుని ఇంకో కాయ తీసింది.

వెనక అడుగుల చప్పుడైంది. అతను నాలుగు చెట్ల అవతలే ఆగిపోయాడు.

"ఎన్ని వారాల సంది?" అంది ఆమె, తిరిగి చూడకుండా.

"ఐదు."

ఒక మంగళవారం సాయంత్రం ఊరికే ఒక డబ్బా విప్పి చూశానని రాజాబాబు చెప్పాడు. అందులో అరవై దాకా ఉన్నాయట. హద్దు ఎంతో అతనికి తెలుసు. డబ్బాకు ఒకటో రెండో ఉంచి మిగతావి కాలువలో పోసేశాడు. తర్వాత ప్రతి మంగళవారం అదే పని.

"కాయ అమ్ముడు పోదనా?"

రవళి లేచి తిరిగింది. అతను చిక్కిపోయాడు. చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉంది. కాలేజీలో చదివే రోజుల్లో బాన్సువాడ బస్టాండులో నిలబడి, ఆమె ఏ బస్సు ఎక్కుతుందో తెలియక మూడు బస్సులు వదులుకున్న మనిషి ఇతనే.

"నన్ను చూసి చెప్పు. కాయ పోతదనేనా?"

"కాదు."

"మరేంది?"

"సంఘం మీటింగులో మీకు శిక్షణ ఇచ్చిన పల్లవిగారు చెప్పారు కదా. ఆపేసిన తోటలకు లెక్క ఆవిడే వచ్చి చూస్తుందని." అతను మాట మింగి మళ్ళీ తీశాడు. "అప్పుడు నువ్వు రావు."

రవళికి అర్థమైంది. అయినా అర్థం కానట్టే నిలబడింది.

"మల్ల చెప్పు."

"నువ్వు రావు కదా అని తీసేశాను. బుధవారం వస్తావు, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తావు. అదొక్కటీ ఉంది నాకు వారంలో."

పదకొండు నెలలుగా ఈ మాటను ఆమె ఎన్ని తీర్లుగా ఊహించుకుందో. బీడీ ఆకు కత్తిరిస్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తల్లి నిద్రపోయాక గోడవైపు తిరిగి. ఏ ఊహలోనూ కాళ్ళ కింద కుళ్ళిన పండ్లు లేవు. ఆ మాట వింటే ఏడుపొస్తుందనుకుంది. ఏడుపు రాలేదు. పురుగు కాయ ఇంకా చేతిలోనే ఉందని తెలిసి వదిలేసింది.

"గీ మాట ఫోన్‌ల చెప్తే అయిపోవు గదా."

"పది సార్లు నంబరు తీశాను. ఏమని మొదలెట్టాలో తెలిసేది కాదు."

"ఈగలు తీయనీకి మాత్రం ఎవరు నేర్పకుంటనే వచ్చింది."

అతను తల వంచుకున్నాడు. ఒక్క క్షణం ఆమెకు ఆ కుట్టు విడిన భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. రెండు అడుగులు వేసింది కూడా. అప్పుడే కంచె అవతల ఎవరో దగ్గారు.

అది భోజ్యా తోట. రెండెకరాలు. తండా నుంచి వచ్చి, కొన్నేళ్ళుగా నీళ్ళు మోసి పెంచుకున్న చెట్లు. మూడు వారాలుగా అతని డబ్బాల్లో లెక్క పెరుగుతూ ఉంది. చుట్టూ అన్ని తోటల్లో తక్కువ ఉండి నీ దాంట్లోనే ఎందుకు పెరుగుతోంది, రాలిన పండ్లు ఏరడం లేదు నువ్వు, అని సంఘంలో అందరూ అతన్నే అన్నారు. అతనూ భార్య భాగ్యా పొద్దున లేస్తే నడుం వంచి పండ్లు ఏరి, గొయ్యి తీసి పూడుస్తూనే ఉన్నారు. లెక్క తగ్గడం లేదు. ఎందుకు తగ్గడం లేదో ఇప్పుడు రవళికి తెలిసింది. ఈగకు కంచె అడ్డం రాదు.

చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"భోజ్యన్నను అందరు అన్ననాడు నువ్వు మీటింగ్‌ల లేవా?"

"ఉన్నాను."

"ఏమన్నవ్?"

అతను ఏమీ అనలేదని వాళ్ళిద్దరికీ తెలుసు.

"మామ నన్ను అన్ననాడు గూడ గట్లనే ఉన్నవ్," అంది రవళి. గొంతు పెంచలేదు. "నాకొక్కదానికే గట్ల అనుకున్న. కాదు. అందరికి గంతే."

రాజాబాబు కంచె వైపు తిరిగాడు. తర్వాత, వెళ్దాం రా అన్నాడు. ఆమె కోసం ఆగకుండా ముందు నడిచాడు.

* * *

భోజ్యా చెట్టు మొదట్లో నీళ్ళ పైపు సరిచేస్తున్నాడు. భాగ్య రాలిన కాయలను ప్లాస్టిక్ సంచిలోకి ఏరుతోంది. వాళ్ళను చూసి, మంచినీళ్ళు తెమ్మంటారా అని అడిగింది. వద్దన్నాడు రాజాబాబు.

"భోజ్యన్నా," అని ఆగిపోయాడు.

రవళి అతని పక్కన నిలబడలేదు. కావాలనే వెనక్కి జరిగి చెట్టు కింద నిలబడింది. అతను ఒకసారి ఆమె కోసం చూశాడు. ఆమె సాయం రాదని తెలుసుకుని, మళ్ళీ భోజ్యా వైపు తిరిగి, మొత్తం చెప్పాడు. ఐదు వారాలు ఈగలు తీసి పారేసిన సంగతి, తన తోటలో పుట్టిన ఈగే ఇటు వచ్చిన సంగతి, మీటింగులో తెలిసీ నోరు మెదపని సంగతి. మాటలు వరసగా రాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. కానీ ఏదీ మిగల్చలేదు.

భోజ్యా వింటున్నంతసేపూ పైపు వదల్లేదు.

"ఆనాడు మీటింగ్‌ల నువ్వు నా పక్కకే కూసున్నవ్," అన్నాడు చివరికి.

"కూర్చున్నానన్నా."

"నాకు తాగనీకి నీళ్ళ సీసా గూడ అందిచ్చినవ్."

భాగ్య లేచి, సగం నిండిన సంచిని తెచ్చి అతని కాళ్ళ దగ్గర పెట్టింది. చేతులు దులుపుకుని నీడలోకి వెళ్ళి కూర్చుంది. ఆమె కళ్ళు తుడుచుకుంటోందో చెమట తుడుచుకుంటోందో రవళికి తెలియలేదు.

భోజ్యా అప్పుడు రవళి వైపు తిరిగాడు.

"చెల్లె, నువ్వు ఇయ్యాల నిజం లెక్క రాసినవ్, మంచిదే. కని నువ్వు గా ఇంటి కోడలివి. ఐదు వారాలు నీకు ఎర్కలేకుంటనే జరిగిందంటే నన్ను నమ్ముమంటవా?"

ఆ ఇంటి వాళ్ళు తనను ఆ ఇంటి మనిషి కాదన్నారు. ఈయన ఆ ఇంటి మనిషివే అంటున్నాడు. రెండు మాటలూ ఒక్క తీరుగానే తగిలాయి.

"ఆమెకు తెలియదన్నా," అన్నాడు రాజాబాబు. ఈసారి అతను ఆగలేదు. "ఆమె మా నాన్న ముందు నిలబడి నిజం చెప్పినందుకే మా ఇల్లు వదిలి పోవాల్సి వచ్చింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆమె మీద ఒక్క మాట పడినా అది నా మీద వెయ్యి. ఆమెతో మాట్లాడే ధైర్యమే నాకుంటే ఈ ఈగలను దాచే పని ఉండేది కాదు."

భోజ్యా పైపు కింద పెట్టాడు. నమ్మాడో లేదో చెప్పలేదు. ఇక వెళ్ళండి, నాకు పనుంది అన్నాడు.

కంచె దాటి వచ్చాక రవళి ఫోన్ తీసి లెక్క గ్రూపులో పెట్టింది. నాలుగు వందల పన్నెండు అని రాసి, దాని కింద, ఈ తోటలో గత ఐదు వారాల లెక్క సరైంది కాదని, భోజ్యా తోటలో ఈగ పెరగడంలో అతని తప్పు లేదని రాసింది. కారణం ఏమని రాయాలో తెలియక ఆగింది. నా పేరు రాయి అన్నాడు రాజాబాబు. ఆమె రాసింది.

పది నిమిషాలకు పల్లవి ఫోన్ చేసింది. ఆమె కోపగించుకోలేదు. నిజం బయటపెట్టినందుకు మంచిదే కానీ, సొంతవాళ్ళ తోటలో లెక్క చూసే పని నీకు ఇచ్చి తాను తప్పు చేశానంది. వచ్చే వారం నుంచి ఈ నాలుగు తోటలూ తానే చూస్తానని, రవళి పిట్లం వైపు వెళ్ళాలని చెప్పింది. రవళి సరే అక్కా అంది.

రాజాబాబు పక్కనే ఉన్నాడు. అతనికి అంతా వినిపించింది.

కాలువ వంతెన దాకా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు. ఆటో కోసం నిలబడ్డప్పుడు, ఇక ఈ దారిన రావా అని అతను అడిగాడు. లెక్కకైతే రానంది.

"మరి?"

"తోటల నాకు చెప్పిన మాట మామకు చెప్పు. ఇంటి కోసం జేసినవని సంబరపడుతుండు. దేనికోసం జేసినవో చెప్పు."

"చెబితే ఆయన..."

"నాకు ఎర్కే. చెప్పుమంటున్న."

ఆటో వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుంది. అద్దంలో అతను చాలా దూరం కనబడ్డాడు. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు కోతకొచ్చిన వరి, మధ్యలో అతను. ఆమె మొహం తిప్పుకుందామనుకుంది, చాతకాలేదు.

* * *

శుక్రవారం మధ్యాహ్నం బాన్సువాడలో వడగాలి వీస్తోంది. తంబాకు ఎగిరిపోకుండా అంజమ్మ తలుపు వేసి గొళ్ళెం పెట్టుకుని, ఒళ్ళో చాటతో బీడీలు చుడుతోంది. కళ్ళలో వేసిన మందుకు కొంచెం మసకగా ఉందని ఆమె అంటే, రవళి ఎదురుగా కూర్చుని ఆకు కత్తిరించి ఇస్తోంది.

మూడు రోజులుగా ఫోన్ మోగితే చాలు ఆమె చెయ్యి ఆగిపోతోంది. ఒక్కసారి కూడా అది అతని ఫోన్ కాలేదు. ఇక అతను చెప్పడు, ఆ ఇంట్లో మాట ఎప్పటిలాగే గొంతులోనే ఉండిపోతుంది అని నిన్నటికే అనుకుంది. అయినా ఇవాళ పొద్దున కూడా ఫోన్ పక్కనే పెట్టుకుంది.

తలుపు చప్పుడైంది.

రవళి గొళ్ళెం తీసేసరికి గుమ్మంలో కనకరత్నం నిలబడి ఉంది. చెమటకు జాకెట్టు తడిసి ఉంది, చేతిలో బస్సు టిక్కెట్టు అలాగే ఉంది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆమె ఈ ఇంటి గడప తొక్కలేదు.

అంజమ్మ కంగారుగా చాట పక్కన పెట్టి, చీర కొంగుతో నేల తుడిచి, కూర్చోండి వదినా అంది. వదినా అనొచ్చో లేదోనన్న అనుమానం ఆ గొంతులో వినబడింది. కనకరత్నం ఆకు కట్టల మధ్య నేల మీదే కూర్చుంది. గాలికి తలుపు కొట్టుకుంటుంటే రవళి మళ్ళీ గొళ్ళెం పెట్టింది. కనకరత్నం నీళ్ళు తాగి, చాటలోని బీడీల వైపు చూస్తూ చెప్పింది.

రాజాబాబు మంగళవారమే తండ్రికి చెప్పాడట. అన్నం దగ్గర కూర్చోకుండా, నిలబడి చెప్పాడట. నేను చేసింది ఇంటి కోసం కాదు, రవళి కోసం, ఆమె పోయినరోజు నేను మాట్లాడాల్సింది అన్నాడట. బ్రహ్మానందం ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం లేదు. రాజాబాబు తెల్లవారుతూనే బుట్ట తీసుకుని భోజ్యా తోటలో పండ్లు ఏరడానికి వెళ్తున్నాడు. మొదటిరోజు భోజ్యా ఏమీ అనకుండా ఒక వరస చూపించాడట. అక్కడ అయ్యాకే వచ్చి సొంత తోటలో ఏరుకుంటున్నాడు.

అంజమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. బిడ్డ కష్టం తీరిందని ఆమెకు అప్పుడే అనిపించింది. బట్టలు సర్దుకో అని రవళితో అంది.

"నేను తీసుకెళ్ళడానికి రాలేదండీ," అంది కనకరత్నం. "వద్దని చెప్పడానికొచ్చాను."

రవళి అత్త ఎదురుగా కూర్చుంది. "నేను రావద్దా అత్తమ్మా?"

"అది కాదమ్మాయ్." ఆమె మాటలు వెతుక్కుంది. అంతసేపు మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. "నా పెళ్ళయిన రెండో ఏట నేనూ వెళ్ళిపోయాను. భీమవరం దగ్గర మా పుట్టింటికి. మా అత్తగారు నన్ను ఒక మాట అంటే మీ మామయ్య విని ఊరుకున్నారని. మూడు నెలలున్నాను. రోజూ వీధిలోకే చూసేదాన్ని. ఒకరోజు ఆయన వచ్చారు. అరుగు మీద నిలబడ్డారు. ఏమీ అనలేదు. నా ప్రాణం ఆగలేదు. మనిషొచ్చాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. పెట్టె పట్టుకుని బయటికొచ్చేశాను."

అంజమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది.

"నలభై ఏళ్ళు దాటింది. ఆయన చెడ్డవారు కాదు. కానీ ఆ రోజు ఆయన ఏం చెబుదామని అంత దూరం వచ్చారో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగితే నవ్వి ఊరుకునేవారు. తర్వాత అడగడం మానేశాను. వాడు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. నేను ఊరుకుంటుంటే నా దగ్గరా నేర్చుకున్నాడు. నువ్వు మాటలు పడుతుంటే నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను చూడు, అదీ వాడు చూశాడు."

రవళి ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"వాడిప్పుడు వస్తున్నాడు. నేను ఇల్లు దాటేటప్పుడు బండి తుడుస్తున్నాడు. వాడికంటే ముందు రావాలని బస్సు కోసం పరిగెత్తాను." ఆమె రవళి చెయ్యి వదల్లేదు. "నేను తొందరపడ్డానమ్మాయ్. నువ్వు తొందరపడకు. ఎందుకొచ్చాడో వాణ్ణే నోరు తెరిచి చెప్పనీ."

సందు మలుపులో బండి చప్పుడు వినబడింది. దగ్గరికొచ్చింది. ఇంటి ముందు ఆగింది.

రవళి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. తలుపు దగ్గర ఉంది. గొళ్ళెం మీద చెయ్యి ఉంది. తలుపు కింది సందులోంచి అతని చెప్పులు కనబడుతున్నాయి, మట్టి అంటుకుని, భోజ్యా తోటలో తిరిగినవి కడగకుండానే వేసుకొచ్చినట్టున్నాయి.

"తియ్ బిడ్డా," అంది అంజమ్మ వెనక నుంచి. "ఎండల నిలవడ్డడు."

"ఉండనివ్వండి," అంది కనకరత్నం.

బయట రాజాబాబు గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఇంకో అడుగు దగ్గరికి వేశాడు. వాళ్ళిద్దరి మధ్యా ఇప్పుడు ఒక చెక్క పలకే ఉంది. అతను తలుపు మీద చెయ్యి వేసిన చప్పుడు రవళికి తన అరచేతిలో తెలిసింది.

మాట మాత్రం ఇంకా రాలేదు.